నారుమడిలో పురుగు

నేను చెప్పే ప్రతిదాన్నీ మా ఇంట్లో నాలుగుతో భాగిస్తారు. మా ఆవిడ పెళ్లైన మొదటి నెలలోనే ఈ లెక్క కనిపెట్టి, తర్వాత పిల్లలకు ఎక్కాలతో పాటు నేర్పింది. బస్సులో నలభై మంది నిలబడి ఉన్నారని నేనంటే పదిమంది అనుకుంటారు. జ్వరం నూట నాలుగుందంటే ఇరవై ఆరు. జ్వరానికి ఈ లెక్క పనికిరాదని మూలుగుతూ చెప్పినా వినకుండా, మాత్రను నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క నోట్లో వేశారు. కాబట్టి ముందుగానే ఒప్పుకుంటున్నాను. నేను పెంచి చెబుతాను. ఇందులో ఎలుకలు ఉండాల్సినదానికంటే లావుగా ఉంటాయి, ఎండ ఉండాల్సినదానికంటే తెల్లగా ఉంటుంది. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. ఇందులో కల్పించిన ముక్క ఒక్కటే. అదేదో చివర నేనే చెప్పేస్తాను. మిగతాదాన్ని మీకు తోచిన అంకెతో భాగించుకోండి.

మా మేనత్తది పొదిలి అవతల మెట్ట ఊరు. పోయిన వానాకాలం మొదట్లో ఆమెకు శుక్లాల ఆపరేషన్ అయింది. డాక్టరు నల్లద్దాలు పెట్టి, నెలరోజులు వంగకూడదని, వారం వారం పొదిలి వచ్చి కన్ను చూపించుకోవాలని చెప్పాడు. వంగకూడదన్న మాట మా అత్తకు ఉరిశిక్షతో సమానం. ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఇంటి వెనక మిరప నారు మొలిచింది.

ఆ నారు సంగతి కొంచెం చెప్పాలి. అది గుంటూరు యార్డులో కనపడే మిరప కాదు. పొట్టిగా, బొటనవేలంత లావుగా, పండితే నలుపు తిరిగిన ఎరుపుతో ఉండే కాయ. పచ్చడికి తప్ప దేనికీ పనికిరాదు. పచ్చడికి మాత్రం మిగతా కాయలేవీ దాని కాలిగోటికి చాలవు. దానికి పేరు లేదు. అత్త ‘మా అమ్మ కాయ’ అంటుంది. అమ్మ అంటే మా నాయనమ్మ. ఆమె కాపురానికి వచ్చేటప్పుడు ఆ గింజను కొంగున ముడేసుకుని తెచ్చిందట. నాయనమ్మ పోయాక అత్త ఏటా నాలుగు సాళ్లు వేసి, గింజ తీసి, బూడిదలో కలిపి డబ్బాలో దాచేది. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు సగానికి సగం పోయింది. మరుసటేడు కల్లంలో ఆరబోసిన కాయ మీద తుపాను వాన కురిసి బూజెక్కింది. చివరికి వంటింట్లో పొయ్యి పైన దండ గుచ్చి వేలాడదీసిన పదకొండు కాయలు మిగిలాయి. ఆ పదకొండు కాయల గింజే ఈ మడి. ఇది పోతే ఆ కాయ ఇక భూమ్మీద లేనట్టే. ఇది పెంచి చెప్పడం కాదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ అడిగించారు, ఎవరి దగ్గరా లేదు.

రెండు వందల పది మొక్కలు మొలిచాయి. నాలుగో ఆకు వేసేసరికి రోజూ కొన్ని మాయం కావడం మొదలైంది. అత్త కొడుకూ కోడలూ పొద్దున పత్తి చేలోకి పోతే దీపాల వేళకే రాక. పైగా నర్సరీలో ట్రే నారు కావలసినంత దొరుకుతుంటే ఈ గోలేమిటని వాళ్ల అభిప్రాయం. అందుకని అత్త గుంటూరుకు ఫోన్ చేసి, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్న నన్ను రమ్మంది. కాపలాకు నాకంటే కుక్క మేలు గాని, కుక్కకు లెక్కలు రావంది. పదిహేను రోజులు సెలవు పెట్టి వెళ్లాను.

మడి పాత పొగాకు బ్యారన్ నీడన ఉంది. బ్యారన్ అంటే పచ్చాకును కర్రలకు కట్టి వేలాడదీసి, కింద గొట్టాల్లోంచి వేడి పంపి కాల్చే ఇటుక గది. మూడంతస్తుల ఎత్తు, ఒకటే తలుపు, కిటికీలు లేవు. అత్తవాళ్లది మూతపడి పదిహేనేళ్ల పైమాటే. అయినా మబ్బు పట్టిన రోజు దాని గోడ పక్కన నిలబడితే, లోపల ఎవరో ఇప్పుడే చుట్ట ఆర్పినట్టు వాసన వేస్తుంది. గోడకు చెవి ఆనిస్తే గుసగుసలు. వందమంది గొంతు తగ్గించి మన గురించే మాట్లాడుకుంటున్నట్టు. నాలుగుతో భాగించినా పాతికమంది.

‘ఎవరత్తా లోపల?’ అన్నాను.

‘ఇంకెవురు, వాళ్లే’ అంది.

వాళ్లంటే ఎలుకలు. ఆ ఇంట్లో ఎలుకను ఎలుక అనరు. పేరు పెట్టి అంటే వింటాయట. వింటే పగబడతాయట. బోను పెడుతున్నామని పైకి అన్నారంటే తెల్లారేసరికి పెట్టెలో పట్టుచీరలు జల్లెడైపోతాయట. అందుకని ‘వాళ్లొచ్చి వెళ్లారు’ అంటారు. బోను పెట్టడాన్ని ‘పెళ్లికి పిలవడం’ అంటారు. రెండో రోజుకు నాకూ ఆ భాష పట్టుబడింది. గుంటూరుకు ఫోన్ చేసి, ‘పొద్దున చూస్తే వాళ్లు మళ్లీ పదకొండు తీసుకుపోయారు’ అన్నాను. మా ఆవిడ వీధి తలుపు గడియ పెట్టి వచ్చి, ‘ఎవరండీ వాళ్లు?’ అంది.

నా ఉద్యోగం తెల్లారగానే మొదలయ్యేది. మోకాళ్ల మీద కూర్చుని మొక్కలు లెక్కపెట్టి, వరండాలో కుర్చీలో కూర్చున్న అత్తకు అరిచి చెప్పాలి. మొదటి రోజు నూట డెబ్భై ఆరు. తెగిన మొక్కల మోళ్లు చూశాను. ఏటవాలుగా, కత్తెరతో కత్తిరించినట్టున్నాయి. తిన్న గుర్తులు లేవు. మిరపాకు ఎవరు మాత్రం తింటారు? కోశారు, తీసుకుపోయారు. దేనికో తెలియదు.

ఆ సాయంత్రం పొయ్యి బూడిద జల్లెడ పట్టి మడి చుట్టూ జానెడు వెడల్పున పరిచాను. చీమ నడిచినా అడుగు పడాలి. పొద్దున చూస్తే బూడిద అద్దంలా ఉంది. ఒక్క గుర్తు లేదు. మొక్కలు నూట అరవై అయిదు. మర్నాడు తుమ్మకంప చుట్టూ పేర్చాను. నూట యాభై నాలుగు. రోజుకు పదకొండు. కాయకొక్కటి లెక్కన ఎవరో వసూలు చేసుకుంటున్నట్టు. ఒకరోజు పదో, ఇంకోరోజు పన్నెండో అయి ఉండొచ్చు, నేను సరిచేసి చెబుతున్నాను. అంతకంటే ఎక్కువ మాత్రం సరిచెయ్యలేదు.

మూడో రోజు అత్త పాత చీరలు తీయించింది. మా వైపు పందులు రాకుండా చేల చుట్టూ చీరలు కడతారు, అదేమీ కొత్త కాదు. అయితే అత్త పెట్టెలోంచి వచ్చినవి ఆమె అత్తగారిదొకటి, ఆడబిడ్డదొకటి, మా నాయనమ్మ ఆకుపచ్చ చీరాల నేత చీర ఒకటి. ముగ్గురూ ఇప్పుడు లేరు. నాలుగు మూలలా కర్రలు పాతి మడి చుట్టూ కట్టాను. పొద్దున బాగానే ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం గాలి ఆగిపోయింది. వేపచెట్టు ఆకు కదలడం లేదు, కోళ్లు గంప పక్కన మట్టిలో దిగబడి కళ్లు మూసుకున్నాయి. ఆ టైములో చీరలు ఊపిరి తీశాయి. మూడూ కలిసి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి. నేను మంచినీళ్లకని లేవగానే ఆగాయి. మళ్లీ కూర్చున్నాక మొదలుపెట్టాయి.

నాయనమ్మ చీర నేను కూర్చునే వైపుకే ఉండేది. ఆమె నన్ను ‘బుడ్డోడా’ అని పిలిచేది. నా తల నెరిశాక కూడా, మా ప్రిన్సిపాల్ ఎదుట కూడా. ఆమె పోయాక ఆ పిలుపు వినలేదు. అత్తకు నా మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చినా ‘ఒరే’ దాటదు.

చీరలు కట్టిన మర్నాడు నూట నలభై మూడు.

అప్పుడు అత్త పెళ్లి పిలుపులకు సిద్ధమైంది. ఊరి సెంటర్లో స్ప్రేయర్లు బాగుచేసే సాయిబు ఒకాయన ఉన్నాడు. అత్తను పిన్ని అంటాడు, ఆ లెక్కన నన్ను బావ అంటాడు. పాత స్ప్రేయర్ ట్యాంకు కోసి, తలుపుకు స్ప్రింగు పెట్టి, పొట్టేలు కూడా పట్టేంత బోను చేసుకొచ్చాడు. లోపల రేకు మీద వేడి పకోడీ పెట్టాం. అత్త వంగకుండానే వాసన చూసి, ఉప్పు తక్కువైందంది.

తెల్లారి వెళ్లేసరికి బోను తలుపు పడలేదు. పకోడీ లేదు. పకోడీ ఉన్న చోట ఒక మిరప మొక్క ఉంది. కోసి, రేకు మీద అడ్డంగా పెట్టి ఉంది.

సాయిబు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చాలాసేపు చూశాడు. ‘ఊరికే తినలేదు బావా, బదులిచ్చి పోయారు. మర్యాదస్తులు’ అన్నాడు. అన్నాడే గాని నవ్వలేదు. ఆ మొక్కను కింద పడేయడానికి కూడా జంకి, మళ్లీ రేకు మీదే పెట్టాడు. ఆ పొద్దున నూట ముప్ఫై రెండు.

ఆరో రోజు బూడిదలో గుర్తు పడింది. అడుగు కాదు. ఒకే ఒక గీత. ఎవరో వేలు పెట్టి, తీరిగ్గా, వంకరలు తిప్పుతూ గీసినట్టు. బ్యారన్ గోడ దగ్గర మొదలై చీర కింది నుంచి మడిలోకి పోయింది. బయటికి వచ్చిన గీత లేదు. అత్త చేతికర్రతో గీసి నన్ను ఆటపట్టిస్తోందనుకుని అడిగాను. తను వరండా దిగలేదంది. లెక్క ఎంతని అడిగింది. నూట ఇరవై ఒకటి.

‘పదకొండు పదకొండ్లు’ అంది. ‘ఇంక పదకొండు రోజులు రా.’ నల్లద్దాల వెనక ఆమె కన్ను ఎటు చూస్తోందో తెలియలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఏడో రోజు నూట ఇరవై ఒకటే. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ పెట్టాను. అదే. ఎనిమిదో రోజూ అదే. ఆనందం పట్టలేక బ్యారన్ గోడకు చెవి ఆనించాను, ఓడిపోయిన వాళ్ల ఏడుపు విందామని. లోపల ఏమీ లేదు. మాట్లాడుకుంటున్న వందమందీ, ఎవరో గదిలోకి అడుగు పెట్టగానే నోరు మూసుకున్నట్టుంది. అప్పుడు గమనించాను, రెండు రోజులుగా పిచ్చుకలు కూడా అటు వాలడం లేదు. కోళ్లు బ్యారన్ నీడ దాకా వచ్చి ఆగి, మెడలు సాచి చూసి వెనక్కి పోతున్నాయి. నేనైతే ఇదంతా నా చీరల మహిమ అనుకున్నాను.

ఆ సాయంత్రం అత్త కుర్చీలోంచి మడి వైపు చాలాసేపు చూసి, ‘ఒరే, మడిలో పురుగు చేరింది. ఇంక నువ్వటు పోమాక. చెయ్యి అసలే పెట్టమాక’ అంది.

ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు పర్యాయపదాలు చెబుతున్నవాణ్ణి. పురుగు అంటే క్రిమి, కీటకం. ఎవర్నడిగినా చెబుతారు. ఎలుకల సైన్యాన్ని పారదోలినవాణ్ణి పట్టుకుని, ముష్టి పురుగుకు భయపడి దూరంగా ఉండమంటుందా? పైగా తామర పురుగు ఈ కాయను ఒకసారి సగం మింగింది కదా. ఇంకోసారి మింగనిస్తానా? అత్తకు చెప్పకుండా సాయిబు కొట్టుకు పోయాను.

‘మడిలో పురుగు చేరింది బావా.’

‘తామర పురుగా, పచ్చ పురుగా?’

‘నేను చూళ్లేదు. అత్త చూసింది.’

‘ఒంటికన్నుతో, వరండాలోంచా?’ అని సాయిబు కాసేపు ఆలోచించాడు. ‘అయితే గట్టిదే బావా. ఆకు కిందికి చేరి ఉంటది. బాగా వంగి, ఆకు తిప్పి చూడాల.’

ఊళ్లో సగం మంది పురుగు మందు కొట్టే మిషన్లు ఆయన చేతి మీదుగానే పోతాయి. ఆయనకూ పురుగంటే పురుగే. స్ప్రేయరూ, వేపనూనె సీసా ఇచ్చి పంపాడు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. అత్త వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది, కునుకు పట్టింది. ఎండ ఎంత తెల్లగా ఉందంటే బ్యారన్ ఇటుకలు సున్నం కొట్టినట్టున్నాయి. నాయనమ్మ చీర పక్కకు తొలగించి మోకాళ్ల మీద లోపలికి పాకాను. మూడు మొక్కలు మోకాలి కింద నలిగాయి. ఎడమ చెయ్యి మడి అంచున పరిచిన వరిగడ్డి మీద ఆనించి, కుడిచేత్తో ఒక్కొక్క ఆకూ తిప్పి చూస్తున్నాను. ఆకులు శుభ్రంగా ఉన్నాయి. గుడ్డు లేదు, పురుగు లేదు. చీరలు లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి.

అప్పుడు నా ఎడమచేతి కింద గడ్డి చల్లబడింది.

ఆ ఎండలో, ఆ గడ్డి, కుండ అడుగులా చల్లబడింది. తర్వాత కదిలింది. కదలడమంటే జరగడం కాదు. ఏదో బరువైనది, మెత్తగా, నా అరచేతి కింద నుంచి ఒకవైపుకు పోతూ ఉంది. పోతోంది, ఇంకా పోతోంది. ఏది మొదలో ఏది చివరో తెలియడం లేదు. పురుగు అన్న మాటకు మా వైపు పల్లెల్లో ఇంకో అర్థం ఉందని, పాము పేరు నోటితో పలకడం ఇష్టంలేని వాళ్లు దాన్నీ పురుగే అంటారని, ‘పురుగు ముట్టుకుంది’ అంటే మనిషిని ఆసుపత్రికి మోసుకెళ్తున్నారని అర్థమని, చిన్నప్పుడు నాకు తెలిసిన సంగతే. ఇరవై ఆరేళ్ల పర్యాయపదాల కింద పడి మరుగైపోయింది. ఎలుకను ‘వాళ్లు’ అనే ఇంట్లో పామును పాము అంటారని ఎట్లా అనుకున్నానో! చెయ్యి లాగేసుకోవాలన్న ఆలోచన భుజం దాకా వచ్చింది.

‘చెయ్యి తియ్యమాక బుడ్డోడా’ అంది అత్త.

గట్టిగా అనలేదు. పప్పులో ఉప్పు వెయ్యమాక అన్నట్టు, మామూలుగా అంది.

‘ఊపిరి తీసుకోవచ్చా?’ అన్నాను, పెదవులు కదలకుండా.

‘తీసుకో. అట్టాగే ఉండు.’

అత్త నన్నలా పిలవదు. ఆ మాట రావలసింది వరండా వైపు నుంచి, వచ్చింది చీరల వైపు నుంచి. గుడ్డకు తగిలి తిరిగొచ్చిందనుకున్నాను. నిజానికి ఏమీ అనుకోలేదు, తీరిక లేదు. అరచేతి కింద అది పోతూనే ఉంది. వినుకొండలో తల ఉంటే పొదిలిలో తోక ఉందన్నట్టు. ఆ కాస్తసేపట్లో ఊళ్లోకి బస్సు వచ్చి, మనుషుల్ని దించి, తిరిగి వెళ్లిపోయింది. చివరికి గడ్డి తేలికపడింది. రెండు మూరల అవతల మొక్కల మధ్య నుంచి గోధుమరంగు తోక ఒకటి, ఒక్క ఆకు కదలకుండా, బ్యారన్ పునాది వైపుకు నేలలో పడిన కన్నంలోకి పోయింది. ఎలుకలు కింద నుంచి మడిలోకి తవ్వుకున్న దారి అదే. అందుకే బూడిదలో అడుగులు పడలేదు.

సాయంత్రం సాయిబుకు విషయం తెలిసి ముందు నవ్వాడు, తర్వాత నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పాములు పట్టేవాణ్ణి పిలిపిద్దామన్నాడు. నేను అప్పటికే సరే అన్నాను.

అత్త ఒప్పుకోలేదు. ‘దాన్ని తోలితే వాళ్లొస్తారు. పదకొండు రోజుల్లో మడి ఖాళీ. మా అమ్మ కాయ పోద్ది. మీ ఇద్దరిలో ఎవురు ఇస్తారు నాకు?’

సాయిబు స్ప్రేయరుకు పొడుగాటి గొట్టం బిగించి ఇచ్చాడు. దాంట్లో వట్టి నీళ్లు పోసి, చీర ఇవతల నిలబడి, దేవుడికి అభిషేకం చేసినంత భయభక్తులతో నారు తడిపాను. సెలవైపోయాక ఆదివారాలు వెళ్లాను, మిగతా రోజులు సాయిబే తడిపాడు. లెక్క దూరం నుంచే. నూట పద్దెనిమిది, నూట పద్దెనిమిది. తగ్గిన మూడూ నా మోకాలి ఖాతాలోవే.

నారు పీకే రోజున మడి మధ్యలో కుబుసం దొరికింది. మొక్కల సందుల్లోంచి, ఒక్క కాడ విరగకుండా, అల్లినట్టు తిరిగి ఉంది. అప్పటికి అత్తకు వంగడానికి అనుమతి వచ్చింది. తనే ఏరి తీసి, మడత పెట్టి, బ్యారన్ పొయ్యి నోట్లో ఉంచింది. ఈ ఏడు వంటింటి పొయ్యి పైకి కాయల దండ గుచ్చేటప్పుడు దారం చాల్లేదు.

ఇక కల్పించిన ముక్క. బోనులో మిరప మొక్క అని మీరనుకుంటారు. కాదు, అది నిజమే. గూటికి మోసుకుపోతున్న ఎలుక పకోడీ చూసి నోట్లోది వదిలేసి ఉంటుంది. చీరలా? బ్యారన్ గోడ కాకకు కదిలి ఉంటాయి. పాము పొడవును భాగించుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఆ మధ్యాహ్నం అత్త వరండాలో లేదు. అదీ నేను కల్పించింది. ఆ రోజు కన్ను చూపించుకునే వారం. సాయిబు ఆటోలో పొదిలికి తీసుకెళ్లాడు, పొద్దు వాలేదాకా రాలేదు. కుర్చీ మీద తువ్వాలు తప్ప ఏమీ లేదు. ఉత్త కుర్చీ అని చెబితే మీకు భయమేస్తుందని ఆమెను అందులో కూర్చోబెట్టాను. మాట మాత్రం కల్పించలేదు.

ఆటో దిగిన అత్తకు జరిగింది జరిగినట్టు చెప్పాను. అందరికంటే ముందు నా మాటల్ని భాగించే మనిషి. ఏమని పిలిచిందని అడిగింది. చెప్పాను. డాక్టరు వద్దన్నా నల్లద్దాలు తీసి, ఆకుపచ్చ చీర వైపు చూస్తూ నిలబడింది. ఆ ఒక్కసారీ భాగించలేదు.

‘నారు పీకేదాకా ఆ చీర విప్పమాక’ అంది.